చెరువు అడుగు మట్టి మర్చిపోదు: చేన్ల కొట్టిన మందు ఎక్కడికి పోతది?

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది చెరువు గురించి. చెరువు అంటే నీళ్లు అనుకోకండి. నీళ్ల కింద ఉండే మట్టి గురించి, అడుగున పేరుకునే బురద గురించి.

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. పత్తి చేన్ల, వరి పొలంల కొట్టిన మందు తర్వాత ఎక్కడికి పోతది? ఊర్లో ఎవరినైనా అడగండి. "ఎండకు పోతది, వానకు పోతది" అంటరు. ఎండకు కొంత పోయేది నిజమే. వెలుతురుకు, గాలికి చాలా మందులు విరిగిపోతయి. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు కూడా కొంత తింటయి. కానీ వానకు పోయేది పోదు. జాగా మారుతది, అంతే. ఆ కొత్త జాగా మన చెరువు.

రాజన్న సిరిసిల్ల జిల్లాలో వీర్నపల్లి మండలం చూడండి. 2016లో కొత్త జిల్లాలు అయినప్పుడు ఎల్లారెడ్డిపేట నుంచి విడిపోయి మండలం అయింది. గుట్టలు, అడవి, చుట్టూ తండాలు, నడుమ నడుమ చెరువులు, కుంటలు. మీదికెళ్లి వాన పడితే ఆ నీళ్లు చెల్కల మీదుగా ఒర్రెల్లోకి, ఒర్రెల్లోంచి కుంటలోకి, కుంట మత్తడి దుంకితే కింది చెరువులోకి, అక్కడి నుంచి వాగులోకి, చివరికి మానేరులోకి పోతయి. మన పెద్దలు కట్టిన గొలుసుకట్టు చెరువుల పద్ధతే ఇది. ఒక చెరువు నిండితే దాని కింది చెరువుకు నీళ్లు. ఎంత మంచి ఆలోచన! కానీ ఇందులో ఇంకో సంగతి కూడా ఉంది. నీళ్లు వచ్చిన దారిలోనే మట్టి కూడా వస్తది. మట్టి వచ్చిందంటే మట్టిని పట్టుకున్నది కూడా వచ్చినట్టే.

ఇక్కడ ఒక ముఖ్యమైన ముచ్చట అర్థం చేసుకోవాలి. మందులన్నీ ఒకే రకం కాదు. కొన్ని నీళ్లతో పోతయి, కొన్ని మట్టితో పోతయి.

మన కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు పసుపు ఎంత పండుతదో మీకు తెలుసు. ఒక గ్లాసు నీళ్లలో చెంచా ఉప్పు వేసి కలపండి. కాసేపటికి ఉప్పు కనబడదు, మొత్తం కరిగిపోతది. ఇంకో గ్లాసులో చెంచా పసుపు వేసి కలపండి. నీళ్లు పచ్చగ అయితయి గానీ పసుపు కరగదు. కాసేపు కదలకుండా పెడితే అడుగున పేరుకుంటది. అదే పసుపు బట్టకు అంటిందనుకోండి, ఎన్ని నీళ్లు పోసినా మరక పోదు. అంటే నీళ్లతో దానికి పొత్తు లేదు, బట్టతో మాత్రం గట్టి దోస్తీ.

మందులు కూడా ఇట్లనే రెండు రకాలు. మోనోక్రోటోఫాస్ ఉప్పు లెక్క. నీళ్లలో ఎంత పోసినా కలిసిపోతది. అది అడుగు మట్టిలో ఎక్కువ పేరుకోదు, నీళ్లతోపాటే కదులుతది. మనిషికి అది చాలా ప్రమాదం, అది వేరే కథ. ఇక డీడీటీ పసుపు లెక్క. లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాములో వందో వంతు కూడా కరగదు. ఇప్పుడు పత్తికి, కూరగాయలకు వాడే సైపర్‌మెత్రిన్, లామ్డా సైహలోత్రిన్ కూడా నీళ్లలో కరగడానికి దాదాపు అంతే బద్ధకం. ఇవి నీళ్లను వదిలి మట్టి రేణువును పట్టుకుంటయి. ముఖ్యంగా కుళ్లిన ఆకు, పేడ, నాచు లాంటి సేంద్రియ పదార్థం ఎక్కువ ఉన్న మట్టిని. అట్లాంటి నల్ల బురద ఎక్కడుంటది? చెరువు అడుగున!

అందుకే చెరువు నీళ్లు ఒక్కటే పట్టుకపోయి పరీక్ష చేయించి "మందు లేదు, అంతా బాగుంది" అంటే అది సగం మాటే. పసుపు గ్లాసులో పైన తేటను మాత్రమే చూసి "ఇందులో పసుపు లేదు" అన్నట్టు ఉంటది.

ఇంకోటి. చెరువు అడుగున చీకటి. ఎండ తగలదు. గాలి తక్కువ. చేనులో కొన్ని వారాల్లో విరిగిపోయే మందు, చల్లటి చీకటి బురదలో ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తది. పాత తరం మందులైతే చెప్పనక్కరలేదు. డీడీటీ మట్టిలో సగానికి తగ్గడానికి రెండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా పట్టొచ్చు. అది విరిగినా డీడీఈ అనే ఇంకో పదార్థం అయితది. అదీ మొండిదే. శాస్త్రవేత్తలు దీన్నే ఒక గుర్తుగా వాడుకుంటరు. మట్టిలో డీడీటీ ఎక్కువ, డీడీఈ తక్కువ ఉంటే ఈ మధ్య పడ్డదని, డీడీఈ ఎక్కువ ఉంటే పాతదని లెక్క.

ఇంకా మజా సంగతి ఏందంటే, చెరువు మట్టి పుస్తకం లెక్క పేజీలు పేజీలుగా ఉంటది. ప్రతి వానాకాలం ఒక పొర. అడుగున పాత పొర, మీద కొత్త పొర. పొడుగాటి పైపును బురదలోకి నిలువుగా దించి మట్టిని అట్లనే పైకి తీస్తే ఏ కాలంలో ఏం పడ్డదో చదవచ్చు. 1950లు, 60లలో ప్రపంచమంతా అణుబాంబు పరీక్షలు జరిగినయి గదా. వాటి దుమ్ములో ఉన్న సీజియం 137 అనే పదార్థం భూమంతా పడింది. 1963 ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువ. చెరువు మట్టిలో ఆ పొర దొరికితే, దాన్ని బట్టి మిగతా పొరల వయసు లెక్కగడతరు. ఊరు మర్చిపోయినా, మందు అమ్మినాయన మర్చిపోయినా, మట్టి మర్చిపోదు.

ఇప్పుడు "ఇదంతా పుస్తకాల మాట, మన తెలుగోళ్ల దగ్గర ఎక్కడన్నా చూసిన్రా?" అని మీరు అడగొచ్చు. చూసిన్రు. కొల్లేరులో.

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉంటది. దేశంలోని పెద్ద మంచినీటి సరస్సుల్లో ఒకటి. 2002లో రామ్‌సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్ల నీళ్లు దాంట్లోకి వస్తయి. బయటికి పోవడానికి ఉప్పుటేరు దారి. చుట్టూ వరి, చేపల చెరువులు, రొయ్యల చెరువులు. అంటే డెల్టా పొలాల్లో ఏం కొట్టినా అందులో కొంత కొల్లేరుకు చేరుతది.

అక్కడి చేపల మీద చేసిన ఒక పరిశోధన 2001లో ఎన్విరాన్‌మెంటల్ టాక్సికాలజీ అనే జర్నల్‌లో వచ్చింది. కొర్రమీను, బొచ్చె చేపల శరీరంలో ఏయే మందులు ఉన్నయో చూసిన్రు. బీహెచ్‌సీ, డీడీటీ, ఎండోసల్ఫాన్, క్లోర్‌పైరిఫాస్, మలాథియాన్ లాంటివి దొరికినయి. కొర్రమీను అంటే మన తెలంగాణ రాష్ట్ర చేప కూడా. 2006లో ఎన్విరాన్‌మెంట్ ఇంటర్నేషనల్ జర్నల్‌లో ఇంకో పేపర్ వచ్చింది. అది కొల్లేరు దగ్గరి రొయ్యల చెరువుల గురించి. మందులతోపాటు భార లోహాలను కూడా కొలిచిన్రు.

ఇక్కడ తేదీలు గమనించండి. మన దేశంలో వ్యవసాయంలో డీడీటీ వాడకం 1989లోనే నిషేధించిన్రు. బీహెచ్‌సీని 1997లో. దోమల మందుగా డీడీటీని ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమాల్లో తర్వాత కూడా వాడిన్రు, అది నిజం. అయినా ఒక మందును కాగితం మీద నిషేధించిన రోజుకూ, అది చేప శరీరంలోంచి పోయే రోజుకూ నడుమ చాలా ఏండ్ల దూరం ఉంటదని కొల్లేరు మనకు చెప్తున్నది. మీ ఇంట్లో తాతను అడగండి, గెమాక్సిన్ పొడి అంటే తెలుసా అని. వడ్ల మీద, చీమల మీద, పశువుల కొట్టంలో చల్లినోళ్లు ఉంటరు. ఎండోసల్ఫాన్ పేరు అడగండి, పత్తి వేసిన పాత రైతులందరికీ తెలుసు. దాన్ని 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతా ఆపించింది. ఆ పాత మందుల లెక్క మన చెరువుల పాత పొరల్లో ఉంటది.

అడుగున ఉన్న మందు పైకి ఎట్లొస్తది? తినేవాళ్ల ద్వారా వస్తది. దీనికి ప్రపంచంలో అందరూ చెప్పుకునే ఉదాహరణ అమెరికాలోని క్లియర్ లేక్. కాలిఫోర్నియా రాష్ట్రంలో ఉంటది. అక్కడ చిన్న చిన్న నుసుమల బాధ ఎక్కువని 1949లో, మళ్ల 1954లో, 1957లో డీడీడీ అనే మందు నీళ్లలో కలిపిన్రు. అది డీడీటీకి తమ్ముడి లాంటిది. ఎంత కలిపిన్రు? చాలా తక్కువ. రెండోసారి ఐదు కోట్ల భాగాల నీళ్లకు ఒక భాగం. అంటే 0.02 పీపీఎం. "గింత మందుతో ఏమైతది" అనుకున్నరు. కొన్నాళ్లకు చేపలు తినే గ్రీబ్ అనే నీటి పక్షులు చచ్చిపోవడం మొదలైంది. వాటి కొవ్వులో మందు కొలిస్తే 1600 పీపీఎం వచ్చింది. నీళ్లలో కలిపిన దానికి 80 వేల రెట్లు! నాచు తిన్న చిన్న చేప, చిన్న చేపను తిన్న పెద్ద చేప, పెద్ద చేపను తిన్న పక్షి. ప్రతి మెట్టు మీద మందు చిక్కబడుతూ పోయింది. ముందు వెయ్యి జంటలకు పైగా గూళ్లు పెట్టిన ఆ పక్షులు, 1960 నాటికి దాదాపు 30 జంటలు మిగిలినయి.

ఇప్పటి మందుల సంగతి వేరే. ఇవి డీడీటీ అంత కాలం ఉండవు. కానీ వాటికి ఇంకో గుణం ఉంది. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్‌లు మనిషికి కొంత తక్కువ ప్రమాదం గానీ, చేపలకు, నీటి పురుగులకు చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. 2004లో వచ్చిన ఒక పరిశోధనలో కాలిఫోర్నియాలోని సెంట్రల్ వ్యాలీ పొలాల నడుమ ఉన్న కాలువల అడుగు మట్టిని తెచ్చి, అందులో హయలెల్లా అనే చిన్న రొయ్య లాంటి జీవిని పెంచి చూసిన్రు. చాలా చోట్ల ఆ జీవులు చచ్చిపోయినయి. ఎక్కువగా కారణం పైరిత్రాయిడ్‌లే అని తేలింది. పైన నీళ్లు తేటగా ఉన్నయి. అడుగు మట్టి చంపుతున్నది.

ఇప్పుడు నేను ఒక లెక్క చెప్తా. కాస్త ఓపిగ్గా వినండి, ఈ ఎపిసోడ్ మొత్తానికి ఇదే ముఖ్యం.

మిషన్ కాకతీయ గుర్తుంది గదా. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైంది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు బాగు చేయాలని పెట్టుకున్నరు. పూడిక తీసే ఖర్చు ప్రభుత్వానిది, ట్రాక్టర్‌లో చేనుకు తోలుకునే ఖర్చు రైతుది. ఎర్ర చెల్కలకు నల్లమట్టి పడితే నీళ్లు ఆగుతయి, ఎరువు ఖర్చు తగ్గుతది. ఇది కొత్తది కాదు, మన తాత ముత్తాతలు చేసిందే. పటాన్‌చెరులోని ఇక్రిసాట్ శాస్త్రవేత్తలు మెదక్ జిల్లా చెరువుల పూడికలో నత్రజని, భాస్వరం, కర్బనం ఎంత ఉన్నయి, వాటి విలువ ఎంత అని లెక్కగట్టిన్రు కూడా. కాబట్టి పూడిక మట్టి రైతుకు మంచిదే. ఇందులో అనుమానం లేదు.

ఇప్పుడు ఊరికే ఒక ఉదాహరణ అనుకుందాం. ఏదో ఒక చెరువు మట్టిలో కిలోకు 0.1 మిల్లీగ్రాముల సైపర్‌మెత్రిన్ ఉందనుకోండి. ట్రాక్టర్ ట్రిప్పు 3 టన్నులు అనుకుందాం. 3 వేల కిలోలు. ట్రిప్పుకు 300 మిల్లీగ్రాముల మందు. ఎకరానికి 40 ట్రిప్పులు తోలితే 12 గ్రాములు. ఎకరం పత్తికి ఒక్కసారి సైపర్‌మెత్రిన్ కొడితే అందులో అసలు మందు 20 నుంచి 30 గ్రాములు ఉంటది. అంటే 40 ట్రిప్పుల మట్టితో వచ్చేది, ఒక్క స్ప్రేలో సగం మాత్రమే. చేనుకు అది చిన్న లెక్క. పైగా చేన్ల పరిచినంక ఎండ తగులుతది, గాలి తగులుతది, ఇంకా తగ్గుతది.

అదే 0.1 మిల్లీగ్రాము చెరువు అడుగున ఉంటే? హయలెల్లా లాంటి జీవులు అందులో పదో వంతు ఉన్నా చచ్చిపోవచ్చు. అంటే చేనుకు చిన్న లెక్క అయింది చెరువుకు పెద్ద లెక్క. ఒకటే మందు, ఒకటే మోతాదు, జాగా మారితే అర్థం మారింది.

చెరువు అడుగున బతికే పురుగులు పోతే మనకేం నష్టం అంటారా? చాలా ఉంది. తూనీగ పిల్లలు పుట్టి పెరిగేది నీళ్ల అడుగుననే. అవి తినేది దోమ పిల్లలను. తూనీగ పోతే దోమకు పండగ. బురదలో ఉండే ఎర్రటి చిన్న పురుగులను తిని మార్పులు, జెల్లలు, చిన్న చేపలు పెరుగుతయి. చిన్న చేపను తిని కొర్రమీను పెరుగుతది. ఊర్లో ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు చెరువులో పిల్లను పోసి, ఏడాదంతా కాపాడి, వేసవిలో వల వేస్తరు. అడుగు సచ్చిన చెరువులో చేపకు తిండెక్కడిది? కొంగలు, నీటికోళ్లు ఎందుకు వస్తయి? పశువులు తాగేది అక్కడే. బతుకమ్మను సాగనంపేది అక్కడే. గడ్డి మందు పుణ్యమా అని గునుగు పువ్వు చేన్ల నుంచి ఎట్ల తగ్గిందో మీ ఇంట్లో ఆడోళ్లను అడగండి, బతుకమ్మ పేర్చేటోళ్లకు బాగా తెలుసు. చేన్ల కనబడే మార్పు అది. చెరువు అడుగున కనబడని మార్పు ఇది.

"మరి డబ్బా మీద గుర్తు ఉంటది గదా, అది చూస్తే తెల్వదా?" అని కొందరు అంటరు. ఇది చాలా మందికి తెలియని విషయం. మందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు అంటే చాలా విషం, ఆకుపచ్చ అంటే తక్కువ విషం. కానీ ఆ రంగు చెప్పేది ఒక్కటే: నోట్లోకి పోతే, చర్మానికి అంటితే మనిషికి ఎంత ప్రమాదం అని. చేపకు ఎంత ప్రమాదం, మట్టిలో ఎన్ని రోజులుంటది అనేది ఆ రంగు చెప్పదు. వరి కాండం తొలుచు పురుగుకు వాడే క్లోరాంట్రానిలిప్రోల్‌కు ఆకుపచ్చ త్రికోణం ఉంటది. మనిషికి అది నిజంగానే తక్కువ ప్రమాదం. కానీ నీళ్లలో బతికే చిన్న జీవులకు చాలా విషం, మట్టిలో నెలల తరబడి ఉండగలదు. ఆకుపచ్చ చూసి చెరువు పక్కన పంపు కడిగితే, మనకేం కాదు, చెరువుకు అయితది. డబ్బాతో ఒక కాగితం వస్తది గదా, సన్న అక్షరాలది. ఫోన్ కెమెరాతో పెద్దగ చేసి చదవండి. చేపల గురించి ఏం రాసిన్రో చూడండి.

ఇంకో తమాషా చూడండి. 2015 ఫిబ్రవరి 19న కేంద్రం సాయిల్ హెల్త్ కార్డు పథకం మొదలుపెట్టింది. మూడు వారాల తర్వాత ఇక్కడ మిషన్ కాకతీయ మొదలైంది. ఒకటి మట్టిని పరీక్ష చేసే పథకం, ఇంకోటి మట్టిని తవ్వి తోలే పథకం. సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. అందులో మందు అవశేషాల గడి లేదు. అంటే "భూసార పరీక్ష చేయించినం, మట్టి బాగుంది" అంటే, పంటకు బలం ఉందని మాత్రమే. మందు ఉందో లేదో ఆ కార్డు చూడనే లేదు. తాగే నీళ్లకు ఉన్న భారతీయ ప్రమాణంలో మాత్రం మందులకు హద్దులు ఉన్నయి. లీటరుకు మోనోక్రోటోఫాస్ 1 మైక్రోగ్రాము, ఎండోసల్ఫాన్ 0.4 మైక్రోగ్రాములు దాటొద్దు. వరిలో కలుపుకు వాడే బుటాక్లోర్‌కు 125. అది నీళ్లకు. మరి నీళ్ల కింది మట్టిని అడిగేదెవరు? మనమే అడగాలి.

వీర్నపల్లి చెరువుల మట్టి చెడిపోయిందని నేను అంటలేను, మంచిగ వినండి. పరీక్ష చేయకుండా చెడిపోయిందనడం తప్పు. పరీక్ష చేయకుండా బాగుందనడం కూడా అంతే తప్పు. ఈ వీడియో చూసి పూడిక మట్టి వద్దనకండి. ఇందాక లెక్క చూసినం గదా.

తవ్వే ముందు ఎందుకు చూసుకోవాలో చెప్పే కథ ఒకటి ఉంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలో అపాప్‌కా అనే సరస్సు. దాని ఉత్తరం ఒడ్డున శిఖం భూమి లాంటి జాగాలో దశాబ్దాల తరబడి కూరగాయలు పండించిన్రు, మందులు బాగా కొట్టిన్రు. తర్వాత సరస్సును బాగుచేద్దామని ప్రభుత్వం ఆ పొలాలు కొని, 1998లో నీళ్లు పెట్టింది. పక్షులు గుంపులు గుంపులుగా వచ్చినయి. ఆ చలికాలంలోనే 600కు పైగా పక్షులు చచ్చిపోయినయి. ఎక్కువగా పెలికాన్‌లు. ఏండ్ల కిందట కొట్టిన డీల్‌డ్రిన్, టాక్సాఫీన్, డీడీటీ అవశేషాలు మట్టిలోంచి చేపల్లోకి, చేపల్లోంచి పక్షుల్లోకి పోయినయి. మంచి పనే చేయబోయిన్రు. మట్టి పాత లెక్క ముందు సరిగ్గా చదవలేదు, దానికి అంత ఖరీదు పడింది.

సరే, మనం ఏం చేయాలి? పెద్ద పెద్ద మాటలు వద్దు. చేతనైనవి చెప్పుకుందాం.

మొదటిది, పంపు కడిగే జాగా. ఇది అన్నిటికంటే ముఖ్యం. చేతి పంపు అయినా, తైవాన్ పంపు అయినా, ఇప్పుడు వస్తున్న డ్రోన్ అయినా, మందు కొట్టినంక ఒర్రెలో, కాలువలో, చెరువు తూము దగ్గర కడగొద్దు. చేన్లనే కడిగి, ఆ నీళ్లు చేన్లనే చల్లండి. చేన్ల ఎండ, గాలి, సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతయి. చెరువు అడుగున ఆ సాయం తక్కువ. మీ నాయన పంపు కడుగుతుంటే కోపం చేయకండి. "నాయినా, ఇటు ఇయ్యి, నేను గట్టు మీద కడుగుతా" అనండి. అంతే చాలు.

రెండోది, ఖాళీ డబ్బా. డబ్బాలో మిగిలిన మందును మూడుసార్లు నీళ్లతో గిలకరించి, ఆ నీళ్లను పంపులోనే పోయాలి. మందు కూడా వృథా కాదు. డబ్బాకు బొక్క పెట్టి పక్కన పెట్టండి. ఒర్రెలో విసిరితే మొదటి వానకే చెరువులో తేలుతది.

మూడోది, వాన. మట్టిని పట్టుకునే మందు చెరువుకు చేరేది ఎక్కువగా మందు కొట్టినంక పడే మొదటి గట్టి వానలో. మీ చేతిలో ఫోన్ ఉంది. వాతావరణ శాఖ మేఘదూత్ యాప్ తెలుగులో కూడా ఉంది. వాన ఉందంటే ఆ రోజు మందు ఆపించండి. చెరువుకు మేలు, మీ ఇంటి పైసలకూ మేలు. వానకు కొట్టుకపోయిన మందుకు మళ్ల పైసలు పెట్టుడు ఎందుకు?

నాలుగోది, గడ్డి. ఒర్రె ఒడ్డున, చెరువులోకి నీళ్లు వచ్చే దారిలో నాలుగు అడుగుల గడ్డి పట్టీ వదలండి. గడ్డి మందు అక్కడ కొట్టొద్దు. మట్టి ఆ గడ్డిలో ఆగుతది. మట్టి ఆగితే మందు ఆగుతది. చెరువు పూడుడు కూడా తగ్గుతది.

ఐదోది, చేపల కోసం మందు. కొందరు వాగు మడుగుల్లో, కుంటల్లో మందు పోసి చేపలు పడతరు. ఇది ఊరికి ద్రోహం. చట్టం కూడా ఒప్పుకోదు. 1897 నాటి భారత మత్స్య చట్టంలోనే నీళ్లలో విషం కలిపి చేపలు చంపడం నేరం అని రాసి ఉంది. అట్ల పట్టిన చేప ఎంత అగ్గువకు వచ్చినా కొనకండి. చెరువులో చేపలు ఒక్కసారిగా తేలితే తినకండి, తేదీ, టైం కనబడేట్టు ఫోటోలు, వీడియో తీసి మత్స్య శాఖకు చెప్పండి.

ఆరోది, పరీక్ష. ఈసారి మీ ఊరి చెరువు పూడిక తీస్తున్నరని తెలిస్తే, గ్రామసభలో లేచి ఒక్క మాట అడగండి: "తవ్వే ముందు మట్టిలో మందు అవశేషాల పరీక్ష చేయిస్తరా?" హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద పురుగు మందుల అవశేషాల పరిశోధన కేంద్రం ఉంది. అక్కడే జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ కూడా ఉంది. మట్టి తీసేటప్పుడు ఒక్కచోట పిడికెడు తీస్తే సరిపోదు. నీళ్లు వచ్చే మూల నుంచి, నడుమ నుంచి, తూము దగ్గర నుంచి ఎనిమిది, పది చోట్ల తీసి కలపాలి. మీది పొర వేరే, కింది పొర వేరే పెట్టాలి. ప్లాస్టిక్ కవర్‌లో వద్దు, గాజు సీసాలో పెట్టి, మంచు పెట్టెలో చల్లగా పంపాలి. ఎందుకంటే మట్టిని పట్టుకునే మందు ప్లాస్టిక్‌ను కూడా పట్టుకుంటది. ఏమేం మందులు ఊర్లో వాడుతున్నరో ముందే ఒక చిట్టా రాసి ల్యాబ్‌కు ఇస్తే, దేని కోసం వెతకాలో వాళ్లకు తెలుస్తది. ఆ చిట్టా రాయడానికి మీ ఊరి వాట్సాప్ గ్రూపు చాలు.

చివరిది, అసలు మందే తగ్గించుకోవడం. ఇది అయ్యే పని కాదు అనేటోళ్లకు రెండు ఊర్ల పేర్లు చెప్పండి. ఒకటి పాత ఖమ్మం జిల్లాలోని పునుకుల. పత్తికి మందులు కొట్టి కొట్టి అప్పులపాలైన ఊరు, 2000ల మొదట్లోనే పురుగు మందులు మానేసింది. ఇంకోటి జనగామ జిల్లాలోని ఎనబావి. ఊరు ఊరంతా రసాయనాలు లేని సాగుకు మారింది. వేప కషాయం, లింగాకర్షక బుట్టలు, జిగురు అట్టలు, చేన్ల పక్షులు వాలడానికి కర్రలు, చుట్టూ ఎర పంటలు. ఇవన్నీ మన రైతులు చేసి చూపించినవే. ఒక్కసారే అన్నీ మానేయమని చెప్పను. పది స్ప్రేలు కొట్టే చోట ఏడు కొడితే, ఆ మూడు స్ప్రేల మందు చెరువుకు పోనట్టే గదా.

ఒక మంచి వార్త కూడా చెప్పి ముగిస్తా. మన చెరువులకు కొల్లేరుకు లేని ఒక అదృష్టం ఉంది. చాలా కుంటలు ఎండాకాలం ఎండుతయి. అడుగు పగుళ్లు తేలుతది. ఎండ, గాలి బురద లోపలికి పోతయి. ఇప్పటి మందుల్లో చాలా వాటికి అది చాలా పెద్ద దెబ్బ. అంటే కొత్తగా పోసుడు తగ్గిస్తే, చెరువు తనను తాను కొంత బాగుచేసుకుంటది. మనం చేయాల్సింది ఏంది? ప్రతి ఏడూ కొత్త అప్పు దాని నెత్తి మీద పెట్టకపోవడం.

ఈ ఎపిసోడ్ నచ్చితే మీ ఊరి గ్రూపులో పెట్టండి. మీ ఊర్లో పంపులు ఎక్కడ కడుగుతున్నరు, ఒర్రెలో ఎన్ని ఖాళీ డబ్బాలు ఉన్నయి, ఒకసారి పోయి చూసి కామెంట్లో రాయండి. ఊరి పేరు, చెరువు పేరు రాయండి చాలు, ఎవరి పేరూ రాయకండి. తగువు మనకొద్దు, చెరువు మనకు కావాలి.

మళ్ల కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.